నీలం దీపం వెలగలేదు

రిపేరు షాపు, మేడ మీది గది,
సోమవారం.

వదినా,

పెట్టె తెరవగానే కనిపించాలని ఈ ఉత్తరం మూత లోపల అంటించాను. హేచరీకి ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్య జేబులోనే ఉంటుంది కాబట్టి మనకి ఇదే దారి. కోడిపిల్లల వ్యాను వారానికి రెండుసార్లు మా షాపు ముందు నుంచే పోతుంది. డ్రైవరు ఉత్తరాలు మోయడానికి ఒప్పుకున్నాడు.

పోయిన నెల మూడు వేల గుడ్లు చల్లబడి పాడైపోయాయని తెలిసి నాకూ మనసు మనసులో లేదు. ముందు రోజు సాయంత్రం పొదిగే గదిలో ఫ్యాను జాలీ కడిగి, మళ్లీ ఫ్యాను వేయడం మర్చిపోయావని అన్నయ్య అంటున్నాడు. వేశానని నువ్వు అంటున్నావు. ఆ గది తాళంచెవి నీ దగ్గర నుంచి తీసేసుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ ఇంటికి గుడ్లు పొదిగించడం నేర్చుకుని వచ్చింది నువ్వు, అన్నయ్య కాదు.

అందుకే ఈ పరికరం చేశాను. కింది బోర్డు గదిలో వేడిని కొలుస్తుంది. దాని మీద ఎక్కి కూర్చున్న చిన్నది వైర్‌లెస్ బోర్డు. ఆఫీసు గదిలోని ఇంటర్నెట్ డబ్బా ద్వారా కబురు పంపడం దాని పని. వేడి దిగితే మీ వంటింట్లో ఈ చిన్న బజర్ మోగుతుంది, ఇక్కడ నా తెర మీద గీత కూడా పడుతుంది. ఇక ఎవరూ ఎవరినీ అనక్కర్లేదు.

పెట్టెను గది బయటి గోడకి తగిలించు. తీగలు గోడ రంధ్రంలోంచి లోపలికి పంపమని అన్నయ్యకి చెప్పు. కరెంటు ఇస్తే ఎర్ర దీపం వెలుగుతుంది. పది లెక్కపెట్టేలోపు నీలం దీపం వెలిగితే వైర్‌లెస్ బోర్డు మొదలైనట్టు. బోర్డులు ఒకదాని మీద ఒకటి అమర్చే పంపుతున్నాను, విడదీయకు.

నీ ఆడపడుచు


హేచరీ, గుడ్లు వేరుచేసే వసారా,
గుడ్లు పెట్టిన నాలుగో రోజు.

ఇంజనీరమ్మకి,

నీ పెట్టె క్షేమంగా చేరింది. ఎర్ర దీపం వెలిగింది. నీలం దీపం వెలగలేదు. పది కాదు, రెండు వందలు లెక్కపెట్టాను. చిన్న తెర మీద మాత్రం ‘వైర్‌లెస్ బోర్డు కనిపించలేదు’ అని వస్తోంది. పైన ఎక్కించుకుని కూర్చున్నదాన్ని కనిపించలేదంటుందేమిటి? మీ పుట్టింటి పోలికే వచ్చినట్టుంది దానికి.

మీ అన్నయ్య చూసి, ‘మా చెల్లి చేసింది పనిచేయకపోవడం ఉండదు, నువ్వేం నొక్కావు?’ అన్నారు. నేను కరెంటు మీట ఒక్కటే నొక్కాను. విడదీయొద్దన్నావని విడదీయలేదు. ఏం చేయాలో వివరంగా రాయి. నాకు ఇది పనిచేయడం ఎంత అవసరమో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ గదికి నేను తిరిగి వెళ్లాలంటే నాకున్న సాక్షి ఇదొక్కటే.

వసారాలో కూర్చుని సైజులవారీగా గుడ్లు ఏరుతున్నాను. తలుపు అవతల నేను నడిపిన ఇంక్యుబేటర్ తిరుగుతుంటే ఇవతల పరాయిదానిలా ఉన్నాను.

మీ వదిన


రిపేరు షాపు,
గురువారం.

వదినా,

బెంగపడకు. ఇలాంటివి రోజుకి నాలుగు చూస్తాను. ఎర్ర దీపం వెలిగిందంటే కరెంటు అందుతోంది. నీలం వెలగలేదంటే మూడు కారణాలు ఉండొచ్చు. దారిలో కుదుపుకి బోర్డు కింది లోహపు కాళ్లలో ఒకటి వంగి ఉండాలి. లేదా కరెంటు చాలక ఉండాలి. అదీ కాకపోతే మెమరీ కార్డు జారి ఉండాలి. ఈసారి విడదీసి చూడు. కాళ్లన్నీ నిటారుగా ఉన్నాయా, ఏమైనా విరిగిందా చూసి, ఏదీ మార్చకుండా ఉన్నది ఉన్నట్టే తిరిగి పెట్టు. ఇంకో అడాప్టర్ కూడా పంపుతున్నాను.

మా నాన్నకైతే ఈ తలనొప్పి లేదు. ఏ గడియారం వచ్చినా ముందు షాపులో ఫ్యాను ఆపేవాడు, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, రోగం చెప్పేసేవాడు. విన్నాక ఫ్యాను వేయడం మాత్రం మర్చిపోయేవాడు. నేనూ అన్నయ్యా చెమటలు కక్కుతూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం. బోర్డులకి ఎంత చెవి పెట్టినా పలకవు.

నీ ఆడపడుచు


హేచరీ, వసారా,
తొమ్మిదో రోజు.

ఇంజనీరమ్మకి,

విడదీశాను. కాళ్లు నిటారుగా ఉన్నాయి, విరిగింది లేదు. కార్డు తీసి పెట్టాను. కొత్త అడాప్టర్ పెట్టాను. ఆఫీసు గదిలో ఇంటర్నెట్ డబ్బా దగ్గరికే మోసుకెళ్లి పెట్టి చూశాను. ఎర్ర దీపం వెలుగుతుంది, నీలం వెలగదు. ఉన్నది ఉన్నట్టే తిరిగి పెట్టాను.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. పెట్టెలోంచి రెండు తీగలు వస్తున్నాయి. ఒకటి వేడి కొలిచేది. రెండోది దేనికి? నీ కాగితంలో దాని మాట లేదు.

మీ వదిన


రిపేరు షాపు,
సోమవారం.

వదినా,

రెండో తీగ తేమ కొలవడానికి. రాయడం మర్చిపోయాను.

ఇంకో వైర్‌లెస్ బోర్డు, కింది బోర్డుతో సహా అమర్చి పంపుతున్నాను. రెండు రోజులు నా బల్ల మీద ఆపకుండా నడిపాను, ఒక్కసారీ మొరాయించలేదు. పాతది నీ దగ్గరే ఉంచు.

ఒకటి అడుగుతాను, మరోలా అనుకోకు. నిన్న అన్నయ్య ఫోను చేశాడు. నువ్వు ఆ పెట్టె దగ్గర చాలాసేపు ఒక్కదానివే ఉంటున్నావని, మొదలైతే ఏం బయటపడుతుందోనని నీకు బెరుకుగా ఉన్నట్టుందని అన్నాడు. నేను నమ్మలేదు. నువ్వు ఏమీ మార్చలేదు కదా?

నీ ఆడపడుచు


హేచరీ, వసారా,
ఇరవై రెండో రోజు.

ఆడపడుచు గారికి,

మీరు పంపిన రెండో బోర్డూ మొదలవలేదు. రెండూ అడాప్టర్‌తో సహా ఈ పెట్టెలో తిప్పి పంపుతున్నాను, లెక్క చూసుకోండి.

ఈ విడత పిల్లలు బాగా దిగాయి. గదిలో నా చేయి లేదు కాబట్టి దిగాయట. మీ అన్నయ్య పనివాళ్ల ముందే అన్నారు. రేపు కొత్త గుడ్లు పెడుతున్నాం. ఇవి కూడా బాగా దిగితే పొదిగే గదికి మనిషిని పెట్టేస్తారట, నేను ఎప్పటికీ గుడ్లు ఏరుకుంటూ ఉండొచ్చట. అందరి ముందూ ఆ మాట అంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

రెండో తీగ చివర ఉన్నది అయస్కాంతం. తేమకి అయస్కాంతం ఎందుకు? మా పిన్ని కొడుకు దుకాణంలో గాజు తలుపుకి ఇలాంటిదే ఉంది. తలుపు ఎన్నిసార్లు తెరిచారో అది చెబుతుంది. ఆ తీగని గది తలుపుకి బిగించింది మీ అన్నయ్యే, నేను వద్దన్నా వినకుండా. దేనికని అడిగితే ‘మా చెల్లిని అడుగు’ అన్నారు. అడిగాను కదా, మీరేం చెప్పారో మీకు గుర్తుండే ఉంటుంది.

నన్ను కాయడానికి పెట్టె చేసి, దానికి నా చేతే కరెంటు పెట్టించుకుంటున్నారన్నమాట. పోయిన నెల నుంచి నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నాను. పడుకోబోయే ముందు ఆ సాయంత్రం జాలీ బిగించడం, మీట పైకి ఎత్తడం మళ్లీ మళ్లీ గుర్తు తెచ్చుకుంటున్నాను. ఒక్కోసారి ఎత్తలేదేమో అనిపిస్తుంది. అంతదాకా తెచ్చారు మీ అన్నాచెల్లెళ్లు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


రిపేరు షాపు,
శుక్రవారం.

వదిన గారికి,

మీ పెట్టె అందింది. బోర్డులు విడదీసి, శుభ్రం చేసి, మళ్లీ అమర్చి నా బల్ల మీద పెట్టాను. రెండింటికీ నీలం దీపం అయిదు లెక్కపెట్టేలోపే వెలిగింది. ఒకటికి పదిసార్లు చూశాను. అదే బోర్డు, అదే కార్డు, మీరు వాడిన అదే అడాప్టర్.

ఇక నేనేం అనుకోవాలి? ఇక్కడ పనిచేసేది అక్కడ మీ చేతిలో పనిచేయదు, మళ్లీ ఇక్కడికి రాగానే లేచి కూర్చుంటుంది. మీరు ఏమీ మార్చలేదంటారు. నేనూ ఏమీ మార్చలేదు, ఎవరి మీదైనా ఒట్టు వేస్తాను. మనిద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నాం. అది నేను కాదని నాకు తెలుసు. అన్నయ్య మాట నమ్మకూడదని నెల రోజులు నాతో నేను పోట్లాడాను. ఇప్పుడు ఆ పోట్లాట మానేశాను.

మొదటి బోర్డులే మళ్లీ పంపుతున్నాను, జాగ్రత్తగా చుట్టి. ఇదే ఆఖరు. దయచేసి దేన్నీ ముట్టుకోకుండా కరెంటు ఇవ్వండి.

ఇట్లు,
మీ వారి చెల్లెలు


హేచరీ, వసారా,
కొత్త విడత అయిదో రోజు.

ఆడపడుచు గారికి,

నీలం దీపం వెలగలేదు. దేన్నీ ముట్టుకోలేదు. పనివాళ్లిద్దరిని పిలిచి, వాళ్ల కళ్ల ముందే పెట్టె విప్పి కరెంటు ఇచ్చాను.

మీ చదువు నాకు లేదు. కానీ పదేళ్లుగా గుడ్ల సైజు చూసిన కన్ను నాది, వెంట్రుకవాసి తేడా కూడా పట్టుకుంటుంది. పెట్టెకి కన్ను ఆనించి పక్క నుంచి చూశాను. పైబోర్డుకి అంచుల్లో ఉన్న పొడుగు కాళ్లు కిందికి దిగాయి. మధ్యలో కింది బోర్డు మీద ఆరు పొట్టి సూదులు ఉన్నాయి, వాటి పైన ఆరు రంధ్రాలు. సూదులు రంధ్రాల్లోకి పోలేదు. నా కొలబద్దతో కొలిస్తే రెండు మిల్లీమీటర్ల సందు ఉంది. ఆ సందులో మీరు బోర్డుల మధ్య పెట్టిన ఆకుపచ్చ ఉన్నిగుడ్డ ఉంది. అన్నిసార్లూ ఉంది. అది కూడా పరికరంలో భాగమే అనుకుని విడదీసినప్పుడు తీసి, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టాను. అది ఉండాలా, అక్కర్లేదా? మీ కాగితంలో దాని మాట కూడా లేదు.

నేను మాత్రం తీయను. తీస్తే, వదిన ఏదో పీకింది అంటారు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


రిపేరు షాపు, బల్ల కింద కూర్చుని రాస్తున్నాను,
మంగళవారం.

వదినా,

తీసెయ్. ముందు ఆ గుడ్డ తీసెయ్, పైబోర్డుని మధ్యలో వేలితో గట్టిగా నొక్కు, తర్వాత చదువు.

నీ ఉత్తరం చదివి బల్ల కింద చెత్తబుట్ట ఒలకబోశాను. రెండు ఆకుపచ్చ ముక్కలు దొరికాయి. నువ్వు తిప్పి పంపినప్పుడు నేనే బోర్డులు విడదీసి, అవి బుట్టలో పారేసి, ఉత్త బోర్డులు అమర్చి పరీక్ష పెట్టానన్నమాట. పంపేటప్పుడు మళ్లీ కొత్త ముక్క కత్తిరించి మధ్యలో పెట్టాను. ఎప్పుడు కత్తిరించానో, ఎప్పుడు పెట్టానో నాకు ఒక్కటి కూడా గుర్తులేదు. నాన్న ఏ గడియారం బయటికి పంపినా కుదుపుకి చెడకుండా మధ్యలో ఉన్నిగుడ్డ వేసేవాడు. చిన్నప్పుడు ఆ ముక్కలు కత్తిరించే పని నాది. నా చేతులు ఇప్పటికీ అదే చేస్తున్నాయి, నన్ను అడక్కుండా.

అంచు కాళ్లు పొడుగు కాబట్టి కరెంటు అందింది, ఎర్ర దీపం వెలిగింది. రెండు బోర్డులూ మాట్లాడుకునేది ఆ మధ్య ఆరు సూదుల మీద. అవి తగలకపోతే పైన బోర్డు ఉన్నట్టే కిందిదానికి తెలియదు. కనిపించలేదని అది నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది నేను. ఏమీ మార్చలేదని ఒట్టు కూడా వేశాను.

రెండోది కూడా చెప్పేస్తాను. ఆ అయస్కాంతం తలుపు కోసమే. అన్నయ్య పెట్టమన్నాడు, నీకు చెప్పొద్దన్నాడు, నేను సరేనన్నాను. నీ పక్షాన ఉన్నానని రాస్తూనే ఆ పని చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినా. ఆ తీగ పీకేసినా నేనేమీ అనను.

నీ ఆడపడుచు


హేచరీ, వసారా,
ఎనిమిదో రోజు.

ఇంజనీరమ్మకి,

గుడ్డ తీశాను. నాలుగు లెక్కపెట్టేసరికి నీలం దీపం వెలిగింది. వంటింట్లో బజర్ కిచ్‌మంది. వసారాలో నిలబడి ఏడ్చాను, అది నీకు తెలియాలనే రాస్తున్నాను.

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గినప్పుడు చెబుతాను. తీగ మాత్రం పీకను. తలుపు ఎవరు తీస్తున్నారో తెలియడం నాకే ఎక్కువ అవసరం.

నేనూ ఒకటి దాచాను. పోయిన ఏడాది నుంచీ పిల్లలు దిగే ముందు రోజుల్లో తెల్లవారే వేళ మీ అన్నయ్య చెప్పులు ఆ గది గుమ్మం ముందు కనిపించేవి. నా పని సరిగ్గా ఉందో లేదో దొంగచాటుగా చూసుకుంటున్నారనుకున్నాను. కట్టుకున్నవాడు నన్ను కాపలా కాస్తున్నాడని ఎవరితో చెప్పుకోను? అడిగితే లోపలికి వెళ్లలేదంటారని అడగలేదు.

మీ వదిన


రిపేరు షాపు,
శనివారం ఉదయం.

వదినా,

డ్రైవరు తిరిగి బయల్దేరబోతున్నాడు, రెండు ముక్కలు రాస్తున్నాను. ఇవాళ నా తెర మీద పడింది ఇదీ. 5:41కి తలుపు తెరుచుకుంది. 5:42 నుంచి వేడి దిగింది. 5:46కి తలుపు మూసుకుంది, అయినా దిగుతూనే ఉంది. 6:20కి తలుపు మళ్లీ తెరుచుకుంది, అప్పటి నుంచి ఎక్కుతోంది. అన్నయ్య ఫోను ఎత్తడం లేదు.

గుడ్లకి పంతొమ్మిదో రోజు కదా ఇవాళ? రెండుసార్లు తలుపు తీసింది ఎవరు? నీ దగ్గర రెండో తాళంచెవి ఏమైనా ఉందా? ఉంటే నాకు చెప్పు, అన్నయ్యకి చెప్పను.

నీ ఆడపడుచు


హేచరీ, పొదిగే గది,
ఇరవై రెండో రోజు.

అమ్మాయ్,

రెండో తాళంచెవి లేదు. చూశావా, నీ చేయి మళ్లీ నా వైపే చూపింది.

బజర్ మోగేసరికి ఆరు దాటింది. పెరడంతా పరిగెత్తాను. తలుపుకి తాళం, లోపల ఫ్యాను చప్పుడు లేదు. మీ అన్నయ్య పిల్లల వ్యానెక్కి వెళ్లిపోయి దారిలో బజారులో దిగారట, తాళంచెవి ఆయన జేబులో ఉంది. ట్రేలు లేపే ఇనపకడ్డీ దూర్చి గొళ్లెం ఊడబెరికాను. ఫ్యాను మీట కిందికి ఉంది. అది ఆగితే హీటరు కూడా ఆగుతుంది కదా. మీట పైకెత్తి, ఆ గదిలోనే గోడకి ఆనుకుని కూర్చున్నాను. అప్పుడు నీ ఉత్తరంలో మీ నాన్నగారి మాట గుర్తొచ్చింది.

తొమ్మిదికి ఆయన వచ్చారు. ఊడిన గొళ్లెం చూసి, ‘లోపలికి వెళ్లొద్దన్నానా లేదా?’ అని అరిచారు.

‘మీరు పొద్దున లోపలికి వెళ్లారా?’ అన్నాను.

‘లేదు. ఒట్టు.’

అబద్ధం చెప్పే మొహం కాదది. అందుకే ఇంకోలా అడిగాను. ‘గుడ్లు విన్నారా?’

‘ఆ, విన్నాను. పంతొమ్మిదో రోజు పిల్లలు పెంకు లోపల పొడవడం మొదలెడతాయి కదా, చెవి పెడితే తెలుస్తుంది. అయినా వినడం లోపలికి వెళ్లడం ఎలా అవుతుందే?’

‘అంత ఫ్యాను హోరులో ఎలా వినిపించింది?’

బోర్లించిన ట్రే మీద కూలబడ్డారు. ‘వ్యానువాడు హారన్ కొట్టాడు,’ అన్నారు మెల్లగా. ఆ తర్వాత, ‘పోయినసారి కూడా కొట్టాడు,’ అన్నారు. ఆ పాడైన విడతకి కూడా అది పంతొమ్మిదో రోజే. నేను పొద్దున్నే పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను, మధ్యాహ్నం వచ్చి చల్లటి గుడ్లు ముట్టుకున్నాను. అన్ని రోజులూ నా చేతుల్ని తిట్టుకున్నాను.

క్షమించమని ఆయన అనలేదు. పనివాళ్లని పిలిచి, పాడైన విడతప్పుడు ఫ్యాను ఆపింది తనేనని వాళ్ల ముందు చెప్పారు. మొహం ఎర్రబడిపోయింది. నాకు అది చాలు. కాదు, చాల్లేదు, కానీ సర్దుకుంటాను.

నిన్న పిల్లలు దిగాయి. నూటికి ఏడెనిమిది పోయాయంతే. గదికి మనిషిని పెట్టే మాట మళ్లీ ఎత్తలేదు. తలుపుకి కొత్త గొళ్లెం తెచ్చారు, నేను బిగించనివ్వలేదు. వినే అలవాటు మాత్రం ఆయన మానరు, మానమని నేనూ అనలేదు. వచ్చే విడత పంతొమ్మిదో రోజున ఇద్దరం కలిసి వెళతాం. ఆయన చెవి పెడతారు. నేను ఫ్యాను మీట మీద చేయి వేసుకుని నిలబడతాను.

ఆకుపచ్చ ముక్క ఈ ఉత్తరంలో పెట్టాను, నీ బల్ల ముందు గోడకి అంటించుకో. ఇకమీదట ఏది పనిచేయకపోయినా ముందు మీ ఇద్దరి చేతులు చూస్తాను, ఆ తర్వాతే నావి.

మీ వదిన